మోటారు సైకిల్‌ను మరో ఊరికి చేర్చడం ఎలా: ఎక్కించడం, కట్టడం, లాగడం

చెడిపోయిన మోటారు సైకిల్‌ను మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాలన్నా, హైదరాబాదు నుంచి బెంగళూరుకు ఇల్లు మారేటప్పుడు సామానుతో పాటు బండిని కూడా పంపాలన్నా, లద్దాఖ్ యాత్ర కోసం ఢిల్లీ వరకు రైల్లో వేసి అక్కడి నుంచి నడుపుకోవాలన్నా మీ ముందు నాలుగైదు దారులుంటాయి. దారి ఏదైనా బండికి దెబ్బలు ఎక్కువగా తగిలేది ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, సరిగా కట్టకుండా వదిలేసినప్పుడు. ముఖ్యంగా కట్టే పని చాలామందికి తెలిసిన పనిలా కనిపిస్తుంది గాని, రోడ్డు మీద వెళ్లే ట్రాలీ ఆటోల్లోకి ఒకసారి తొంగిచూస్తే సగం బండ్లు స్టాండు మీదే నిలబడి, నడుముకు ఒక తాడు చుట్టించుకుని ఊగుతూ ఉంటాయి. స్టాండు ఆగి ఉన్న బండి కోసం చేసినది. కదిలే వాహనంలో బండిని నిలబెట్టవలసినవి నాలుగు దిక్కులకూ లాగి బిగించిన నాలుగు కట్లు. ఈ వ్యాసంలో తక్కిన విషయాలన్నీ ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి.

ముందు పద్ధతిని తేల్చుకోండి

మూడు విషయాలు చూసుకోండి: దూరం ఎంత, బండి చక్రాలు తిరుగుతున్నాయా లేదా, మీతో సాయానికి ఎంతమంది ఉన్నారు. ఊళ్లోనే, కిలోమీటరు లోపు అయితే బండిని న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు నెట్టుకుంటూ వెళ్లడం కంటే మంచి పద్ధతి లేదు. నెట్టుకుంటూ వెళ్లడం నామోషీ అనుకుని తాడు కట్టి లాగించడం వల్లనే చిన్న మరమ్మతు పెద్ద ప్రమాదంగా మారుతుంది. జిల్లా లోపల అయితే టాటా ఏస్, దోస్త్, బొలెరో పికప్ లాంటి చిన్న సరుకు వాహనాలు సరిపోతాయి. రాష్ట్రం దాటాలంటే రైలు పార్శిల్ గాని, సామాను తరలించే సంస్థల లారీ గాని చూసుకోవాలి.

ఇన్ని చిన్న సరుకు వాహనాలు లేని రోజుల్లో ఈ పని ఎంత కష్టంగా ఉండేదో తెలిస్తే ఇప్పటి వసతి విలువ అర్థమవుతుంది. టాటా ఏస్ 2005లో వచ్చింది. అంతకు ముందు చాలా చోట్ల పల్లెల్లో ట్రాక్టరు ట్రక్కు, పట్నాల్లో లారీయే దిక్కు. లారీ అడుగు పలక నేల నుంచి ఛాతీ ఎత్తులో ఉంటుంది కాబట్టి నలుగురైదుగురు చేరి బండిని మోసి పైకి అందించవలసి వచ్చేది. ఆ మోతలో హ్యాండిల్ ఒకరి చేతిలోంచి జారితే బండి బరువంతా మిగిలినవారి మీద పడుతుంది. ఏస్ అడుగు పలక దాదాపు సగం ఎత్తుకు దిగిరావడంతో మోయవలసిన బరువు కాస్తా నెట్టవలసిన బరువయింది. రెండు చెక్క పలకలు, ముగ్గురు మనుషులు ఉంటే చాలనే స్థితి అప్పుడే వచ్చింది.

సామాను తరలించే సంస్థతో మాట్లాడేటప్పుడు మొదట అడిగిన కిరాయి, దారి మధ్యలో పెంచిన కిరాయి వేరువేరుగా ఉండే మోసాలు చాలా జరుగుతున్నాయి. కనుక మొత్తం కిరాయి, చేరవేసే తేదీ, బండి నంబరు, సంస్థ చిరునామా ఉన్న రసీదు రాయించుకోకుండా తాళం చేతికి ఇవ్వకండి. ఆర్‌సీ అసలు కాగితాన్ని ఎవరికీ ఇవ్వవద్దు, నకలు చాలు.

ప్రైవేటు ప్రయాణికుల బస్సుల డిక్కీలో బండిని వేసి పంపే అలవాటు మన ప్రాంతంలో ఉంది. చౌకగా, తెల్లవారేసరికి చేరుతుంది కాబట్టి చాలామంది మొగ్గు చూపుతారు. దయచేసి అలా పంపకండి. ట్యాంకులో మిగిలిన కొద్దిపాటి పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది మూసి ఉన్న డిక్కీలో అడుగున పేరుకుంటుంది. దానిపైన ముప్పై నలభై మంది నిద్రపోతూ ఉంటారు. మీ బండి కంటే, మీ సౌకర్యం కంటే వాళ్ల ప్రాణం విలువైనది.

బండిని సిద్ధం చేయడం

ముందు రోజే బండిని కడిగి ఆరబెట్టండి. బురద కింద ఉన్న పాత గీతలు కడిగితేనే కనిపిస్తాయి. నాలుగు వైపుల నుంచి, ట్యాంకు పైనుంచి, మీటరు రీడింగు, ఛాసిస్ నంబరు కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. నష్టపరిహారం అడగవలసి వస్తే ఈ ఫొటోలే మీ సాక్ష్యం. అద్దాలు, ట్యాంకు కవరు, పక్క సంచులు, ఫోన్ పట్టే క్లిప్పు లాంటి ఊడే వస్తువులన్నీ తీసేయండి. టైర్లలో గాలి సరిగ్గా నింపించండి, ఎందుకంటే గాలి తగ్గిన టైరు దారిలో ఇంకా కుంగి, మీరు బిగించిన కట్టు వదులైపోతుంది.

పెట్రోలు విషయంలో రైలుకు, రోడ్డుకు తేడా ఉంది. తెరిచి ఉన్న ట్రాలీలో పది ఇరవై కిలోమీటర్లు తీసుకువెళ్లేటప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయనక్కర్లేదు. సగానికి తక్కువ ఉండి, మూత గట్టిగా పట్టి, ఎక్కడా కారకుండా ఉంటే చాలు. రైలుకైతే చుక్క మిగలకూడదు. కార్బురేటర్ ఉన్న పాత బండికి ఇది సులువు: పెట్రోల్ కాక్‌ను (ట్యాంకు కింద పెట్రోలును ఆపి వదిలే మీటను) మూసి, కార్బురేటర్‌కు వెళ్లే గొట్టాన్ని ఊడదీసి, కొసను ఇనుప డబ్బాలో పెట్టి కాక్ తెరిస్తే ట్యాంకు ఖాళీ అవుతుంది. తర్వాత గొట్టం తిరిగి తొడిగి, కార్బురేటర్ గిన్నె అడుగున ఉండే చిన్న మరను వదులు చేస్తే అందులో నిలిచిన పెట్రోలు కూడా దిగిపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్ 6 బండ్లలో దాదాపు అన్నింటికీ ఇంధనాన్ని పంపు ద్వారా అందించే ఏర్పాటు ఉంది కాబట్టి వాటికి మామూలుగా కాక్ ఉండదు. వాటికి ట్యాంకు మూత తీసి చేతి పంపుతో తోడాలి. నోటితో పీల్చే పాత పద్ధతిని పూర్తిగా మానండి, పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. ఏ పద్ధతైనా ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయండి. తీసిన పెట్రోలును తాగునీటి సీసాలో పోసి ఇంట్లో పెట్టవద్దు.

దూరప్రయాణమైతే బ్యాటరీ నెగటివ్ తీగను ఊడదీసి, కొసకు గుడ్డ చుట్టి పక్కకు కట్టండి.

ఎక్కించడం

చదునైన నేల వెతకడం కంటే కాస్త ఎత్తుపల్లాలున్న చోటు వెతకడం మేలు. పొలం గట్టు, రోడ్డు పక్క మట్టి దిబ్బ, గోదాము ముందు అరుగు లాంటి వాటికి వాహనాన్ని వెనకకు ఆనిస్తే అడుగు పలకకు, గట్టుకు మధ్య జానెడు తేడా మాత్రమే మిగులుతుంది. పల్లెటూళ్లలో ట్రాక్టరు ట్రక్కులోకి బండ్లు ఎక్కించేవారు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇది, ఇప్పటికీ దీన్ని మించిన ఉపాయం లేదు.

గట్టు దొరకకపోతే పలకలు వాడాలి. పలక పొడవు ఆరు అడుగులకు తగ్గకూడదు, ఎనిమిది అడుగులుంటే ఇంకా మంచిది. పొట్టి పలక నిటారుగా నిలుస్తుంది. దాని మీద ముందు చక్రం పైకి, వెనక చక్రం కిందికి ఉన్నప్పుడు బండి కడుపు పలక అంచుకు రాసుకుంటుంది. పలక పై కొసను వాహనానికి తాడుతో కట్టండి. కట్టకపోతే వెనక చక్రం పలక ఎక్కే క్షణంలో పలక వెనక్కి తన్నుకుపోతుంది. బండికి ఒక పలక, పక్కన నడిచే మనిషికి మరో పలక ఉండాలి. ఈ రెండో పలకను చాలామంది పట్టించుకోరు. హ్యాండిల్ పట్టుకున్నవాడు నేల మీద నిలబడి ఉండగా బండి మాత్రం పైకి పోతే, సగం దారిలో అతని చేతులు తలపైకి వెళ్లి పట్టు తప్పుతుంది.

ఇప్పుడు ముగ్గురి స్థానాలు చూడండి. ఒకరు బండికి ఎడమ పక్కన నిలిచి హ్యాండిల్ పట్టుకుంటారు, రెండోవారు వెనక సీటు కింద ఇనుప పట్టీని పట్టుకుని నెడతారు, మూడోవారు వాహనంలో ఉండి ముందు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట గొట్టాలను, పట్టి పైకి లాగుతారు. వాలులో మధ్యలో ఆగవలసి వస్తే ముందు బ్రేకు మీద ఆధారపడవద్దు. బండి ముక్కు పైకి లేచి ఉన్నప్పుడు బరువంతా వెనక చక్రం మీదికి చేరుతుంది, ముందు చక్రం కదలకుండా బిగుసుకున్నా పలక మీద జారుతూ వెనక్కి వచ్చేస్తుంది. అందుకే ఇంజన్ ఆపి బండిని మొదటి గేరులో పెట్టి, క్లచ్ లీవరు నొక్కి నెట్టండి. ఆగాలంటే క్లచ్ వదిలితే చాలు, వెనక చక్రం అక్కడే నిలిచిపోతుంది. ఈ కిటుకు తెలిసినవారు బుల్లెట్ లాంటి దాదాపు 2 క్వింటాళ్ల బండిని కూడా గాభరా లేకుండా ఎక్కిస్తారు. బండి మీద కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసి పలక మీదుగా నడిపి ఎక్కించడం మాత్రం వద్దు. పైన కాళ్లు ఆనించడానికి నేల ఉండదు.

కట్టడం

ఇక్కడ తొందర పడకండి. పావుగంట ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

ముందు చక్రాన్ని వాహనం ముందు గోడకు ఆనించండి. ఆనవలసినది టైరు, మడ్‌గార్డు కాదు. మామూలు బండి పొడవు 2 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, టాటా ఏస్ అడుగు పలక ఏడడుగులు కాబట్టి నేరుగా పడుతుంది. బుల్లెట్ లాంటి పొడవాటి బండిని కొంచెం ఏటవాలుగా నిలపాలి. తెరిచి వేలాడదీసిన వెనక తలుపు మీద వెనక చక్రం ఆనకూడదు.

సైడు స్టాండు, డబుల్ స్టాండు రెండూ పైకి మడవండి. బండి తన రెండు చక్రాల మీదే నిలబడాలి. కారణం ఇది: స్టాండు మీద ఉన్నప్పుడు బండి బరువు ఒక చిన్న ఇనుప కాలి మీద పడుతుంది, గతుకులో బండి ఎగిరి పడిన ప్రతిసారీ ఆ కాలి కీలుకు సమ్మెట దెబ్బ తగులుతుంది. చక్రాల మీద ఉన్నప్పుడు గతుకును టైరూ షాకబ్జార్బరూ మింగేస్తాయి. అయితే ఆ షాకబ్జార్బర్లు తమంతట తాము పైకీ కిందికీ ఆడుతుంటే కట్లు బిగుస్తూ వదులవుతూ ఉంటాయి. కాబట్టి కట్లతో ముందు ఫోర్కును కొంత కిందికి కుంగదీసి ఉంచాలి. అప్పుడు ఫోర్కులోని స్ప్రింగు ఎప్పుడూ పైకి తన్నుతూ కట్లను బిగువుగా నిలుపుతుంది.

ఎంత కుంగదీయాలి? ఫోర్కు కుంగగలిగే దూరంలో సగానికి మించకూడదు, మామూలు బండికి రెండు అంగుళాల దాకా సరిపోతుంది. అంతకు మించి లాగి రోజుల తరబడి ఉంచితే ఫోర్కు ఆయిల్ సీళ్లు కారే ప్రమాదం ఉంది. దూరప్రయాణమైతే ముందు టైరుకు, మడ్‌గార్డు పైన ఉన్న ఇనుప టీకి (ఫోర్కు గొట్టాలను కలిపే అడ్డ పట్టీకి) మధ్య మందపాటి చెక్క ముక్క దూర్చి కట్టవచ్చు, మడ్‌గార్డు అడ్డం రాకపోతేనే.

కట్టు ఎక్కడ తగిలించాలనేది బండి బాగోగులను నిర్ణయిస్తుంది. ఫోర్కు గొట్టాలు రెండింటినీ కలిపి పట్టి ఉంచే కింది టీ అన్నింటికంటే గట్టి చోటు. హ్యాండిల్ కొసలకు కడితే హ్యాండిల్ తన బిగింపుల్లో తిరిగిపోతుంది, బ్రేకు గొట్టాలు నలుగుతాయి. టీ మీద ఇనుప కొక్కెం నేరుగా తగిలిస్తే రంగు లేచిపోతుంది, అందుకని పాత సైకిల్ ట్యూబును గాని మెత్తని పట్టీని గాని టీకి చుట్టి, ఆ చుట్టుకు కొక్కెం తగిలించండి. రెండు కట్లూ బండికి ఇరువైపులా, ముందుకు, కిందికి, సుమారు 45 డిగ్రీల వాలులో పోవాలి. ఒకరు బండిని నిటారుగా పట్టుకుని ఉండగా, ఎడమ కట్టును కొంచెం, కుడి కట్టును కొంచెం, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి అన్నట్టు మార్చి మార్చి బిగించండి. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపు మొదలుపెడితే బండి మొదటి వైపుకు వాలిపోతుంది.

వెనక రెండు కట్లు వెనక్కి, కిందికి పోవాలి. వీటిని సీటు కింద ఫ్రేము గొట్టానికి గాని, వెనక ఫుట్‌రెస్ట్ బిగించిన పట్టీకి గాని తగిలించండి. సైలెన్సర్, ఇండికేటర్లు, ప్లాస్టిక్ ప్యానెళ్లు, వెనక మడ్‌గార్డు కట్టు కోసం చేసినవి కావు. వెనక కట్ల పని బండి తోక పక్కలకు ఊగకుండా ఆపడమే గనుక వీటిని ముందు కట్లంత గట్టిగా లాగనక్కర్లేదు. చివరగా బండిని మొదటి గేరులో పెట్టి, ముందు బ్రేకు లీవరును రబ్బరు ముక్కతో హ్యాండిల్‌కు బిగించి కట్టండి.

చేతిలో రాచెట్ బెల్టులు (మీట ఆడించి బిగించే పట్టీలు) ఉంటే పని తేలిక. లేకపోతే లారీ క్లీనర్లు వేసే కట్టు నేర్చుకోండి. తాడు ఒక కొసను టీ చుట్టుకు ముడివేయండి. రెండో కొసను వాహనం కొక్కెం వైపు తెచ్చి, కొక్కేనికి మూరెడు పైన తాడును మెలిపెట్టి చిన్న ఉచ్చు వేయండి. ఇప్పుడు కొసను కొక్కెం కిందుగా చుట్టి పైకి తెచ్చి, ఆ ఉచ్చులోంచి దూర్చి కిందికి లాగండి. ఉచ్చు కప్పీలా పనిచేసి, మామూలుగా చేత్తో లాగిన దానికంటే ఎంతో బిగువు ఇస్తుంది. బిగువు సడలకుండా ఉచ్చు దగ్గర బొటనవేలితో నొక్కి పట్టి, రెండు ముళ్లు వేయండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుందని గుర్తుంచుకుని, వానాకాలంలో మధ్యమధ్య ఆగి బిగించండి. వాన లేకపోయినా బయల్దేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపి నాలుగు కట్లూ చేత్తో లాగి చూడాలి. మొదటి గతుకులకే కట్లు కుదురుకుని కాస్త వదులవుతాయి.

స్కూటర్లకు కింది టీ ప్లాస్టిక్ వెనక దాగి ఉంటుంది. వాటికి ముందు చక్రాన్ని గోడకు ఆనించి, రెండు పక్కలా చెక్క ముక్కలు దూర్చి, హ్యాండిల్ కాడకు మెత్తని పట్టీ చుట్టి కట్టాలి. వెనక పట్టుకునే ఇనుప కడ్డీకి రెండో జత కట్లు వేయాలి. ప్లాస్టిక్‌కు తాడు రాసుకునే ప్రతిచోటా గోనె ముక్క పెట్టండి.

బండిని కదలకుండా బిగించి పంపాలనే ఈ ఆలోచన చాలా పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులోని రెడిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 125 సీసీల చిన్న బండిని బ్రిటిష్ పారాచూట్ దళాల కోసం తయారు చేసింది. ఫ్లయింగ్ ఫ్లీ అని పిలిచిన ఆ బండి బరువు 60 కిలోల లోపే. దాన్ని ఇనుప గొట్టాల చట్రంలో బిగించి, హ్యాండిల్‌ను పక్కకు తిప్పి, విమానం నుంచి పారాచూట్‌తో జారవిడిచేవారు. 1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ దగ్గర దిగిన దళాల వెంట ఈ బండ్లున్నాయి. నేలకు తాకే దెబ్బను చట్రం తీసుకోవాలి, బండి తీసుకోకూడదు అన్నది దాని వెనక ఉన్న లెక్క. అదే సంస్థ పేరుతో 1956లో మద్రాసు తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీ మొదలై, ఆ బండ్లు మన ఊళ్లకూ వచ్చాయి.

రైల్లో పంపడం

రైల్లో రెండు రకాలున్నాయి. మీరు టికెట్ కొని ప్రయాణిస్తూ బండిని లగేజీగా బుక్ చేసుకోవచ్చు. అప్పుడు సామాను బోగీలో చోటుంటే మీ రైల్లోనే వస్తుంది. ప్రయాణం లేకుండా పంపితే అది పార్శిల్. పార్శిల్ ఏ రైల్లో ఎక్కుతుందో ఆనాటి చోటును బట్టి ఉంటుంది కాబట్టి, చేరే రోజుకు మీ పనులు ముడిపెట్టుకోవద్దు. లద్దాఖ్ వెళ్లేవారు సికింద్రాబాదులో బండిని వేసి, అదే రోజు విమానంలో ఢిల్లీ వెళ్లి, మరుసటి రోజే బయల్దేరాలని లెక్కవేసుకోవడం చూస్తుంటాను. కనీసం రెండు మూడు రోజులు ముందుగా పంపండి.

బయల్దేరే స్టేషనులోనూ, దిగే స్టేషనులోనూ పార్శిల్ ఆఫీసు ఉండాలి, రైలు అక్కడ బండి ఎక్కించి దించేంత సేపు ఆగాలి. రెండు నిమిషాలు ఆగే స్టేషనుకు బుక్ చేయరు. కనుక రైలు మొదలయ్యే స్టేషను నుంచి చివరి స్టేషనుకు పంపడం అన్నింటికంటే నిశ్చింత.

ముందు రోజు పార్శిల్ ఆఫీసుకు వెళ్లండి. ఆర్‌సీ, బీమా కాగితం, మీ గుర్తింపు కార్డు, లగేజీ అయితే టికెట్, వీటి నకళ్లు రెండు జతలు వెంట ఉంచుకోండి. బండి ఇతరుల పేరు మీద ఉంటే వారి అనుమతి పత్రం కూడా తీసుకువెళ్లండి. ఆఫీసు దగ్గరే ప్యాకింగ్ చేసేవారు ఉంటారు. వాళ్లకు అప్పగించి దూరంగా కూర్చోకుండా పక్కనే నిలబడండి. ట్యాంకు, హెడ్‌లైటు, మీటరు, ఇండికేటర్లు, లీవర్ల చుట్టూ గడ్డి గాని పాత అట్టలు గాని మందంగా పెట్టించి, పైన గోనెపట్టా కుట్టించండి. సైలెన్సర్‌కు అడుగు వైపు కూడా చుట్టించండి, బండిని పక్కకు వాల్చి నెట్టేటప్పుడు ముందుగా గీసుకుపోయేది అదే. హ్యాండిల్ లాక్ వేయకుండా, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. లాక్ వేస్తే హమాలీలు బండిని ఎత్తి మోయవలసి వస్తుంది. ప్లాట్‌ఫారం మీద రోజంతా బరువులు మోసే మనుషులకు అది అనవసరమైన శ్రమ, మీ బండికీ ప్రమాదం. తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి. మీ పేరు, ఫోన్ నంబరు, బయల్దేరే స్టేషను, చేరే స్టేషను పెద్ద అక్షరాలతో రాసిన అట్ట ముక్కలు రెండు, ముందొకటి, వెనకొకటి కట్టండి.

పెట్రోలు సంగతి ఇక్కడ మళ్లీ చెప్పక తప్పదు. అనుమతి లేకుండా ప్రమాదకరమైన వస్తువును రైల్లోకి తేవడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద నేరం, దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. పార్శిల్ గుమస్తా ట్యాంకు మూత తెరిచి చూసినా చూడకపోయినా ఖాళీ చేయడం మీ బాధ్యత.

బుకింగ్ కాగితంలో బండి విలువ రాసే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. అదే చట్టం 103వ సెక్షను ప్రకారం విలువ ప్రకటించని సరుకుకు నష్టపరిహారం నిర్ణీత పరిమితికి మించి రాదు. ఆ పరిమితి బండి అసలు ధరతో పోలిస్తే చాలా తక్కువ. విలువ ప్రకటిస్తే అదనంగా కొంత సొమ్ము కట్టాలి, కొత్త బండికైతే అది కట్టడమే నయం. చేతికి వచ్చిన రైల్వే రసీదును జాగ్రత్త పెట్టుకోండి, అది లేనిదే అవతల బండిని అప్పగించరు. బండి చేరిన తర్వాత గడువు లోపల తీసుకోకపోతే గంటల లెక్కన వార్ఫేజ్ (నిల్వ రుసుము) వసూలు చేస్తారు.

ఏరు దాటించడం

గోదావరి జిల్లాల్లో ఇది ఇప్పటికీ రోజువారీ పని. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) మీద మోటారు సైకిళ్లు మనుషులతో పాటే దాటుతాయి. లంక గ్రామాలకు చిన్న పడవల్లోనూ తీసుకువెళతారు. పడవలో బండిని మధ్యకు చేర్చి, ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, సైడు స్టాండు వేసి, దిగి పక్కన నిలబడి హ్యాండిల్, ముందు బ్రేకు పట్టుకోండి. ఇది స్టాండు వాడదగిన ఒకే సందర్భం, ఎందుకంటే బండి పక్కన మీరున్నారు, ప్రయాణం కొద్ది నిమిషాలే. బండి మీద కూర్చుని ఉండవద్దు. పడవ ఊగితే మీతో సహా వాలిపోతుంది. రక్షణ జాకెట్ ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే అడగండి.

రోడ్డు మీద లాగవలసి వస్తే

బండి ఆగిపోయినప్పుడు మన రోడ్ల మీద కనిపించే దృశ్యం అందరికీ తెలిసినదే: వెనక నుంచి మరో బండి మీద వచ్చినవారు కాలు చాచి, ఆగిన బండి ఫుట్‌రెస్ట్ మీద ఆనించి నెట్టుకుపోతారు. మంచితనంతో చేసే సాయమే అయినా, నెట్టేవారు ఒక కాలు పూర్తిగా కోల్పోయి బండి నడుపుతున్నారు. కుడి కాలు వాడితే వెనక బ్రేకు లేనట్టే. ఎడమ కాలు వాడితే గేరు మార్చలేరు. ఇక గత్యంతరం లేదనుకుంటే, అది కూడా దగ్గరలో పెట్రోలు బంకు కనిపిస్తున్నప్పుడు, ఆగిన బండిని రోడ్డుకు ఎడమ అంచున ఉంచి, నెట్టేవారు దానికి కుడి పక్కన కొద్దిగా వెనకగా వచ్చి, ఎడమ కాలితో, రెండో గేరులో, మెల్లగా నెట్టాలి. సైలెన్సర్ మీద కాలు పెట్టవద్దు, అది కాలుతుంది, జారుతుంది కూడా. వెనక సీటు మీద ఎవరూ ఉండకూడదు.

తాడుతో లాగడం ఇంకా కష్టమైన పని. 1989 నాటి రోడ్డు నియమాల్లో లాగే వాహనం వేగం గంటకు 24 కిలోమీటర్లు మించరాదని, రెండు వాహనాల మధ్య దూరం 5 మీటర్లు దాటరాదని, చెడిన వాహనాన్ని దగ్గరలోని గ్యారేజీకో పెట్రోలు బంకుకో మాత్రమే లాగాలని, లాగబడే వాహనం మీద లైసెన్సు ఉన్నవారే కూర్చోవాలని ఉండేది. 2017లో కొత్త నిబంధనలు వాటి స్థానంలో వచ్చినా, ఈ హద్దులను మనసులో పెట్టుకోవడం మంచిది. రెండు చక్రాల బండికి 24 కూడా ఎక్కువే.

తాడును వెనక బండి హ్యాండిల్‌కు ముడివేయడం ప్రాణాంతకం. లాగుడు పక్కకు వచ్చిన మరుక్షణం హ్యాండిల్ తిరిగిపోతుంది, ముడి ఊడదు, మనిషి పడతాడు. సరైన పద్ధతి ఇది: ముందు బండికి తాడును వెనక ఫ్రేము మధ్యలో గట్టిగా ముడివేయండి. వెనక బండికి మాత్రం ముడి వేయకుండా కింది టీ చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసను ఎడమ చేతి పిడికి ఆనించి అరచేతితో పట్టుకోండి. ఆపద అనిపిస్తే పిడికిలి సడలిస్తే చాలు, చుట్లు జారి తాడు విడిపోతుంది. గేరు న్యూట్రల్‌లో, తాళం ఆన్‌లో ఉంచి లైట్లు వెలిగించండి. తాడుకు ఎర్ర గుడ్డ కట్టండి. వేగం తగ్గించే పని వెనకవారిదే; ముందున్నవారు హఠాత్తుగా బ్రేకు వేయకూడదు, వెనకవారు తమ బ్రేకుతో తాడును ఎప్పుడూ బిగువుగా ఉంచాలి. తాడు వదులై ముందు చక్రం కిందికి పోతే బండి అక్కడికక్కడే పడుతుంది. ఆగడానికి, మలుపుకు చేతి సైగలు బయల్దేరకముందే మాట్లాడుకోండి.

రాత్రి వేళ, వాన కురుస్తున్నప్పుడు, ఘాట్ రోడ్డులో, బ్రేకులు చెడినప్పుడు, జాతీయ రహదారి మీద తాడు ఆలోచనే వద్దు. జాతీయ రహదారి మీద 1033 నంబరుకు ఫోన్ చేసి సాయం అడగండి. మీ బీమాలో రోడ్డు మీద సాయం చేసే అదనపు రక్షణ ఉందేమో ఇప్పుడే చూసి పెట్టుకోండి. విద్యుత్ స్కూటర్‌ను వెనక చక్రం నేల మీద దొర్లిస్తూ అసలు లాగకూడదు. చక్రంతో పాటు మోటారు తిరిగి కరెంటు పుట్టించి, కంట్రోలర్‌ను పాడుచేసే ప్రమాదం ఉంది. దాన్ని వాహనంలో ఎక్కించడమే దారి. అడుగు పలకను వాల్చి గొలుసుతో లాగి ఎక్కించుకునే వాహనం వస్తే, కొక్కేన్ని హ్యాండిల్‌కు కాకుండా కింది టీకి తగిలించమని చెప్పండి.

అమెరికాలో ఉండే తెలుగువారికి అద్దె ట్రైలరు దొరుకుతుంది కనుక అక్కడ కారు వెనక బండిని లాక్కెళ్లడం సులువు. యూ-హాల్ లాంటి సంస్థల మోటారు సైకిల్ ట్రైలర్లకు ముందు చక్రాన్ని పట్టే గాడి, ఎక్కించే పలక ఉంటాయి. బరువులో ఎక్కువ భాగం, దాదాపు 60 శాతం, ట్రైలరు ముందు సగంలో పడాలి. బరువు వెనక పడితే ట్రైలరు వేగంలో పాములా ఊగుతుంది. గంటకు 55 మైళ్లు మించవద్దని ఆ సంస్థ చెబుతుంది. కట్టే పద్ధతి పైన చెప్పినదే.

దించిన తర్వాత

దించేటప్పుడు ముందుగా వెనక కట్లు విప్పండి. ముందు కట్లు విప్పే ముందు ఒకరు బండిని రెండు చేతులా పట్టుకుని ఉండాలి. కట్టు వదలగానే ఫోర్కు పైకి తన్నుతుంది, పట్టు లేకపోతే బండి పక్కకు పడుతుంది. రెండు వైపులా ఒకేసారి కొద్దికొద్దిగా సడలించండి. బండిని వెనక్కి దించేటప్పుడు కూడా మొదటి గేరు, క్లచ్ పద్ధతే వాడండి.

సంతకం పెట్టకముందే ప్యాకింగ్ విప్పించి చూడండి. కొత్త దెబ్బ కనిపిస్తే దాన్ని అప్పగింత కాగితం మీద అక్కడే రాయించండి, ఫొటో తీయండి. రైల్వే మీద నష్టపరిహారం అడగాలంటే సరుకును మీరు రైల్వేకు అప్పగించిన నాటి నుంచి 6 నెలల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. తర్వాత బ్యాటరీ తీగ బిగించి, ముందు ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ తడి ఉందేమో వేలితో తుడిచి చూడండి. టైర్లలో గాలి, చైను బిగువు, రెండు బ్రేకులు, హ్యాండిల్ నిటారుగా ఉందా లేదా చూసుకోండి. సీసాలో పెట్రోలు తెచ్చుకుంటే లీటరుకు మించి తేవద్దు, స్టేషను ఆవరణ దాటాకే పోయండి. మొదటి కిలోమీటరు మెల్లగా నడిపి, ఖాళీ చోట రెండు మూడు సార్లు బ్రేకు వేసి చూసుకుని, అప్పుడు ట్రాఫిక్‌లోకి వెళ్లండి.